ఐదు బొట్ల బానెట్

మొన్న మా బాపట్ల ఇంటి గేటుకు రంగు వెయ్యడానికి ఒక పెయింటరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. చెప్పులు బయటే విడిచాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు. తాగి, డబ్బా మూత తీసి, బ్రష్షు ముంచి, తుప్పు పొరలు పొరలుగా లేస్తున్న ఊచల మీద నేరుగా నీలం రంగు పూసెయ్యడం మొదలుపెట్టాడు. గోకడం లేదు, ఉప్పుకాగితం లేదు, రంగుకు ముందు కొట్టాల్సిన ప్రైమరు ఊసే లేదు. ఇదేం పనయ్యా అంటే, "పైన రంగు పడ్డాక లోపల ఏముందో ఎవరు చూస్తారు మేడం" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం నుంచి రిటైరై ఏడాదైనా గొంతు రిటైరు కాలేదు కాబట్టి, ఆ తర్వాత నేనన్న మాటలు వీధి చివరి దాకా వినిపించి ఉంటాయి. అతను డబ్బా మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన పేపరు దించి, "గేటుకి రంగు వేయించమంటే రంగు మనిషినే సాగనంపావు. నీకంటే ముందు నీ కోపం పుట్టింది" అన్నాడు. నేను ఉప్పుకాగితం తెప్పించుకుని గేటు ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

రేకు మీద రంగు ఎలా నిలుస్తుందో నాకు నేర్పింది మా అక్క భర్త, మా బావ. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే ఆయన షెడ్డు ఉండేది. నాలుగు సర్వే బాదులు, పైన సిమెంటు రేకులు, వెనకే రెండు గదుల ఇల్లు. పాత ట్రాక్టర్లకు రేకు పని, రంగు పని చేసేవాడు. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. నాకప్పటికి నలభై నిండాయి. ఎండాకాలం సెలవుల్లో సగం రోజులు తెనాలిలో అక్క దగ్గర గడిపేదాన్ని. అక్క దగ్గర అని పేరే గాని పొద్దస్తమానం ఆ షెడ్డులోనే ఉండేదాన్ని. చేతి గాజులు తీసి అక్క వంటింటి మేకుకు తగిలించి, పాత చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పైన బావ పాత చొక్కా ఒకటి తొడుక్కుని, ఉప్పుకాగితం పట్టుకుని కూర్చునేదాన్ని. "పంతులమ్మవి, ఈ మసి పనేంటే నీకు" అని అక్క తిట్టేది. ఏడాది పొడుగునా పరీక్ష పేపర్లు దిద్ది విసిగిపోయినదానికి, జానెడు తుప్పు గీకి కింద తెల్లటి ఇనుము చూడడంలో ఉండే సుఖం అక్కకు చెప్పినా అర్థం కాదు. పేపర్లు ఎంత దిద్దినా పిల్లలు మారరు. రేకు మారుతుంది.

బావ మనుషులతో ఎలా ఉన్నా రేకుతో మాత్రం పసిపిల్లతో ఉన్నట్టు ఉండేవాడు. ముందు బానెట్టూ మడ్‌గార్డులూ విప్పి నేలమీద గోనెపట్టాలు పరిచి పడుకోబెట్టేవాడు. పాత రంగు మీద మందు పూస్తే అది నూనెలో అప్పడంలా పొంగేది. పలచటి ఇనప పట్టీతో గీకితే ఒక రంగు కింద ఇంకో రంగు, దాని కింద కంపెనీ వాళ్ళ తొలి రంగు బయటపడేవి. సొట్టలకు వెనకనుంచి ఇనప దిమ్మె ఆనించి ముందునుంచి చిన్న సుత్తితో తట్టి తట్టి లేపేవాడే తప్ప లప్పం పెట్టి గుంట పూడ్చడం ఆయనకు నామోషీ. తుప్పు ఉన్న చోటల్లా వైరు బ్రష్షు, ఆ తర్వాత ఉప్పుకాగితం. అంతా అయ్యాక కడిగి, చివరికి దోసెడు నీళ్ళు రేకు మీద చల్లి చూసేవాడు. నీళ్ళు ఒక్క పొరగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఎక్కడన్నా చుక్కలు చుక్కలుగా విడిపోయి నిలబడితే అక్కడ ఇంకా జిడ్డున్నట్టు, మళ్ళీ మొదటికి. నీళ్ళు తుడిచేసి, ఎండలో పెట్టి, థిన్నరులో ముంచిన గుడ్డతో ఒకసారి తుడిచాక ఇక ఆ రేకును ఎవరూ ముట్టుకోకూడదు. చేతి చెమటలో ఉప్పుంటుంది, వేలు పడ్డ చోట ప్రైమరు రేకును పట్టుకోదు, వానలు పడేసరికి వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుందని ఆయన చెప్పేవాడు. రేపల్లె వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి, వట్టి రేకును ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అందుకని శుభ్రం చేసిన రోజే ప్రైమరు పడి తీరాలి. ఆ రోజు ఇంట్లో అక్క కూడా ఆయనతో గట్టిగా మాట్లాడేది కాదు.

ఆ ఏడాది మే నెలలో కొల్లిపర దగ్గరి పల్లె నుంచి ఒక ఆసామి పాత ట్రాక్టరు తోలుకొచ్చాడు. వాళ్ళ నాన్న కొన్న బండి. ఆయన పోయి ఏడాది దాటింది. ఏరువాకకు దాన్ని కొత్తదానిలా పొలంలో దించాలని ఆసామి కోరిక. తమ బంధువుల ఇళ్ళల్లో ఇంకో నాలుగు పాత ట్రాక్టర్లు ఉన్నాయని, ఇది బాగా కుదిరితే అవీ ఇక్కడికే పంపిస్తానని మాటిచ్చాడు. ఆ మాట మా ఇంట్లో ఎంత పని చేసిందో ఆసామికి తెలియదు. అప్పుడే ఊళ్ళో ఒక ట్రాక్టర్ల షోరూము వాళ్ళు గాజు గదిలో రంగులు వెయ్యడం మొదలుపెట్టారు. బావ షెడ్డు ముందు బళ్ళు తగ్గిపోయాయి. ఈ ఐదు బళ్ళూ దక్కితే షెడ్డు నిలబడుతుంది. దక్కకపోతే బావ షెడ్డు మూసేసి ఆ గాజు గదిలోనే జీతానికి చేరాలి. అక్క ఆదివారం గుడిలో మోకాళ్ళ మీద ఎక్కువసేపు ఉండడం నేను గమనించాను.

నాలుగు రోజులు ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాం. ఐదో రోజు పొద్దున బానెట్టు కడగడం, ఆరబెట్టడం, థిన్నరుతో తుడవడం అయిపోయాయి. ఎండలో రెండు బల్లల మీద అది వెండి పళ్ళెంలా మెరుస్తోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కరెంటు లేనిదే కంప్రెసరు తిరగదు, కంప్రెసరు తిరగనిదే రంగు చిమ్మే గన్ను పనిచెయ్యదు. పదకొండింటికి గాని రాదన్నారు. ఆ వేసవుల్లో కరెంటు వాళ్ళను తిట్టని మనిషి ఉంటే ఆ మనిషికి ఇల్లు లేదన్నమాట. బావ సైకిలు తీసి, "గన్నుకి వాషరు తెచ్చుకుంటా. నువ్వు ఇక్కడే కూర్చో అమ్మాయ్. దేవదూత దిగొచ్చినా రేకు ముట్టుకోనీకు" అని బజారుకు వెళ్ళాడు.

దేవదూత రాలేదు, ఆసామి వచ్చాడు. వెంట వాళ్ళమ్మగారు ఉన్నారు. చేతిలో చిన్న గిన్నె, దానిమీద తమలపాకు మూత. ఆసామి సెల్‌ఫోను మోగితే మాట్లాడుతూ రోడ్డు మీదికి పోయాడు. పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, నా నుదురు చూసి, వట్టి చేతులు చూసి, చాలా మెల్లగా, "ఎన్నాళ్ళయింది తల్లీ" అంది.

"ఏది ఎన్నాళ్ళయిందండి?"

"మీ ఆయన పోయి."

మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం, మా ఇంట్లో ఆడవాళ్ళం బొట్టు పెట్టుకోం. ఆ సంగతి ఆవిడకు తట్టలేదు. తట్టకపోవడంలో తప్పేమీ లేదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. "మా ఆయన బాపట్లలో శుభ్రంగా ఉన్నాడండి. పొద్దున నాలుగిడ్లీలు తిన్నాడంట, ఫోన్లో చెప్పాడు" అన్నాను. ఆవిడ నాలిక కరుచుకుంది. "ఏమనుకోకమ్మా, నాలాగే అనుకున్నా" అంది. ఆ 'నాలాగే' అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. విసవిసా ఇంట్లోకి పోయి, కూర తరుగుతున్న అక్క ముందు నిలబడి, నా మొగుణ్ణి బతికుండగానే చంపేశారని పది నిమిషాలు చెప్పుకున్నాను. అక్క నవ్వీ నవ్వీ కత్తిపీట మీద నుంచి లేవలేకపోయింది. ఆ నవ్వుకు ఇంకో ఐదు నిమిషాలు కోప్పడ్డాను.

తిరిగి వచ్చేసరికి బానెట్టు నుదుటి మీద ఐదు బొట్లు ఉన్నాయి. వాళ్ళ చేలో పండిన పసుపు, నీళ్ళతో కలిపితే ఆరి రాలిపోతుందని నువ్వుల నూనెతో ముద్ద చేసి తెచ్చింది పెద్దావిడ. ఒక్కొక్క పసుపు చుక్క మధ్యలో కుంకుమ. నూనె అప్పుడే చుట్టూ పాకి, తళతళలాడే రేకు మీద మబ్బులా కమ్ముతోంది. ఆవిడ రెండు చేతులూ పైటలో దాచుకుని నిలబడింది. అంతలోనే బావ సైకిలు చప్పుడు వినిపించింది.

ఇప్పుడు ఈయన అగ్గి మీద గుగ్గిలం అవుతాడనుకున్నాను. వేలిముద్ర పడితేనే సహించని మనిషి. ఆయన సైకిలు స్టాండు వేసి, బానెట్టు చూసి, నన్నొకసారి చూసి, పెద్దావిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడే చెప్పుకుంది: "ఆయన చేత్తో కొన్న బండి నాయనా. నుదురు బోసిగా పెట్టుకుని ఎండలో పడుంటే చూడలేకపోయా. నేను పెట్టకూడదని తెలుసు. అబ్బాయి చూడకుండా పెట్టా."

"పెట్టకూడదని ఎవరన్నారండి. చక్కగా పెట్టారు" అన్నాడు బావ. "కాకపోతే ఇది ఇప్పుడే నీళ్ళోసుకున్న రేకు అమ్మా. దీనిమీద నూనె ఉంటే నా ప్రైమరు పట్టదండి. వానల్లో ఇక్కడే లేస్తుంది. నేను తుడవనండి, నా చేత్తో నేను తుడవను. మీరే తుడవండి. రంగంతా అయ్యాక నేనే కబురు చేస్తా. అప్పుడొచ్చి మీ చేత్తోనే, అందరూ చూస్తుండగా పెడుదురుగాని."

ఆవిడ కాసేపు బానెట్టు వైపు చూసింది. తర్వాత పైటలోంచి కుడిచెయ్యి తీసి, గుడ్డ కోసం చాచింది. బావ థిన్నరు గుడ్డ అందిస్తున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే కథ ఇక్కడే అయిపోయేది.

ఆసామి అప్పుడే ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి, "ఏంటమ్మా, ఏంటి సంగతి" అన్నాడు. నాలో ఉడుకుతున్నదంతా అతని మీదికి పొర్లింది. "ఏంటేంటండీ. నాలుగు రోజులు చేతులు పుళ్ళయ్యేలా గీకాం. చదువుకున్నవాళ్ళు కదా మీరైనా చెప్పద్దా. ఇనప రేక్కి ఈ పిచ్చి బొట్లేంటండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికి రావడం నాకే వినిపించింది.

ఆసామి మొహం మారిపోయింది. అంతకు ముందు అతనికి ఆ బొట్ల సంగతే తెలియదు. తెలిసి ఉంటే, నువ్వెందుకు పెట్టావని వాళ్ళమ్మనే కసిరేవాడేమో కూడా. ఇప్పుడు మాత్రం అవి వాళ్ళింటి పరువైపోయాయి. "మీకు పిచ్చిగానే ఉంటాయిలెండి టీచరుగారూ. మీ ఇళ్ళల్లో లేవుగా" అన్నాడు. బావ వైపు తిరిగి, "చూడవయ్యా. ఆ బొట్ల మీద గుడ్డ పడిందా, బండి ఇప్పుడే తోలుకుపోతా. కొడితే వాటిమీదే కొట్టు" అన్నాడు. పెద్దావిడ ఏదో చెప్పబోతే, "నువ్వూరుకో అమ్మా" అన్నాడు. చాచిన చెయ్యి మళ్ళీ పైటలోకి పోయింది. రంగు సంగతి కాస్తా మతం సంగతి అయి కూర్చుంది. అలా కూర్చోబెట్టింది అతను కాదు, నేను. బావ ఇక బొట్లు తుడుస్తానంటే ఆ మాట రేకు మనిషి మాటగా ఎవరూ వినరు.

పదకొండింటికి కరెంటు వచ్చింది. ఆసామి కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాడు. బావ గన్ను పట్టుకుని ఎర్ర ప్రైమరు కొట్టాడు, ఒక చివర నుంచి ఇంకో చివరకు, చెయ్యి ఎక్కడా ఆగకుండా. బొట్ల దగ్గరికి వచ్చినప్పుడూ ఆగలేదు. ఎరుపు కింద ఐదు చిన్న ఉబ్బులు కనిపిస్తూనే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళగానే నేను ఉప్పుకాగితం తీసుకుని బానెట్టు మీదికి పోయాను. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తుడవనని ఆమెతో అన్నాను."

"రంగు లేస్తుంది బావా."

"లేస్తుంది."

వాళ్ళ ఎదుట ఒకటి, వెనక ఒకటి చెయ్యడం ఆయనకు రాదు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఇద్దరం సరిపెట్టుకునేవాళ్ళం. ఆయన తిట్టలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర, "మా మరదలు ఉంటే మందు పుయ్యక్కర్లేదే, చూపుకే రంగు ఊడుద్ది" అని అక్కతో నవ్వాడు. నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

ఏరువాకకు బండి బ్రహ్మాండంగా దిగిందని విన్నాం. వానలు గట్టిగా పడ్డాక బానెట్టు నుదుటి మీద రంగు ఐదు చోట్ల పొంగి, చిట్లి, లోపల తుప్పు కనిపించింది. ఆసామి కొల్లిపర నుంచి తెనాలి దాకా, తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు, ప్రైమరు సరిగ్గా కొట్టడం చేతకాని మనిషని. కింద ఏముందో మాత్రం చెప్పలేదు. మిగతా నాలుగు ట్రాక్టర్లూ షోరూముకు పోయాయి. దసరా సెలవులకు నేను వెళ్ళేసరికి షెడ్డులో ఒక్క బండి లేదు. బావ ఖాళీ బల్ల మీద కూర్చుని గన్ను తుడుచుకుంటున్నాడు.

ఆ ఊరు పోయి నలుగురిలో ఆసామిని కడిగేసి వస్తానని లేచాను. బావ తలెత్తి, "ఆ రోజు గన్ను ఎవరి చేతిలో ఉంది?" అన్నాడు.

"నీ చేతిలోనే."

"కొడితే లేస్తుందని నాకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరింక తప్పెవరిది?"

పిల్లల్ని ప్రశ్నలతో ఇరికించడం నా వృత్తి. నన్నెవరూ అలా ఇరికించలేదు. కాపలా వదిలేసి పోయింది ఎవరు, నోరు జారింది ఎవరు, ఆ రెండు ప్రశ్నలు ఎందుకు అడగవని ఆయన్ను నిలదీయాలనిపించింది. అడిగితే నేను జవాబు చెప్పి ఏడ్చి బరువు దించుకునేదాన్ని. ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వకుండా తప్పంతా మూటగట్టి తన నెత్తిన పెట్టుకున్నాడు. నేనన్నదేంటో తెలుసా? "నీకు వెన్నెముక లేదు బావా" అన్నాను. అక్క గరిటెతోనే వంటింట్లోంచి బయటికి వచ్చింది. సంచి తీసుకుని స్టేషనుకు నడిచి, బాపట్ల రైలెక్కేశాను.

క్రిస్మస్ ముందు అక్క ఫోన్ చేసింది. బావ ఎవరూ పిలవకుండానే ఆ పల్లెకు వెళ్ళాడట. ఆసామి లోపలికి రమ్మని కూడా అనలేదట. ఈయన బానెట్టు విప్పుకుంటుంటే పెద్దావిడ కొడుక్కి ఒక్క ముక్క చెప్పి, చెప్పులేసుకుని, బానెట్టుతోపాటే ఆటో ఎక్కి షెడ్డుకు వచ్చేసిందట. ఉన్న రెండు రోజులూ అక్క వాళ్ళింట్లోనే తిని, అక్క పక్కనే పడుకుందట. బావ గీకుతుంటే, కడుగుతుంటే, రెండు చేతులూ పైటలో పెట్టుకుని పీట మీద కూర్చుని చూసిందట. తుప్పు గీకగానే ఐదు మచ్చలు వరసగా బయటపడితే, "ఇవి నావే" అందట. రంగు బాగా ఆరాక బావ, "ఇప్పుడు పెట్టండమ్మా" అని పిలిచాడట. తీసుకుపోవడానికి వచ్చిన కొడుకు చూస్తుండగా, ఆవిడ తన చేత్తోనే ఐదు బొట్లూ పెట్టిందట. "ఆ కోపిష్టి అమ్మాయి ఏదీ అని అడిగిందే నిన్ను" అంది అక్క. "నువ్వుంటే బాగుండేదని మీ బావ రెండుసార్లు అన్నాడు." నేను పరీక్ష పేపర్లు ఉన్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నాలుగు ట్రాక్టర్లు తిరిగి రాలేదు. జనవరిలో బావ షోరూములో చేరాడు. మూతికి మాస్కు కట్టుకుని గాజు గదిలో, ఒకళ్ళు చెప్పిన టైముకు, ఒకళ్ళు చెప్పినంత లప్పం పెట్టి పనిచేశాడు. షెడ్డులో కూల్‌డ్రింకుల కొట్టు వెలిసింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఆసామి మీద పళ్ళు నూరాలనిపిస్తోంది. ఆ గాజు గది మీద, కరెంటు వాళ్ళ మీద, నవ్విన అక్క మీద కూడా. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక, అలవాటైన దారి. పెద్దావిడ చాచిన చెయ్యి వెనక్కి పోవడం గుర్తొచ్చినప్పుడు మాత్రం కోపం ఎవరి మీదికి తిప్పుకోవాలో తెలుస్తుంది.

మరుసటి వేసవి నుంచి మళ్ళీ మామూలుగానే తెనాలి వెళ్ళాను. బావ ఎప్పట్లాగే ఏడిపించేవాడు, నేను ఎప్పట్లాగే ఎగిరేదాన్ని. తప్పు నాది బావా అన్న మూడు ముక్కలు ప్రతిసారీ రైల్లో అనుకుంటూ వెళ్ళి, ప్రతిసారీ నోట్లోనే పెట్టుకుని తిరిగొచ్చాను. ఒక ఏడాది మార్చిలో, సెలవులింకా ఇవ్వకముందే, ఆయన గుండె ఆగి పోయాడు. రేపు చెబుదాంలే, వచ్చే సెలవుల్లో చెబుదాంలే అనుకుంటూ పదేళ్ళు ఆయన ఎదుటే తిరిగాను. ఇప్పుడు నాకు ఏడాదంతా సెలవులే, వినేందుకు ఆయన లేడు.